ముప్పై వేల ర్యాంకుకు నిలువుదోపిడీ

ఎప్‌సెట్ (పాత పేరు ఎంసెట్) ఫలితాలు వచ్చిన వారానికల్లా తెలుగు ఇళ్లలో ఒకే తీర్పు చెలామణిలోకి వస్తుంది. పెళ్లి భోజనాల బంతిలో, అపార్ట్‌మెంటు లిఫ్టులో, డల్లాస్ నుంచి వచ్చే వాట్సాప్ కాల్లో, ఎక్కడ విన్నా అదే. "ముప్పై వేలా? కన్వీనర్‌లో మంచి కాలేజీలో సీఎస్ఈ రాదు బావా. ఎంతో కొంత కట్టి మేనేజ్‌మెంట్‌లో వేసెయ్. నాలుగేళ్లు ఓపిక పడితే వాడే తీర్చుకుంటాడు." ఈ సలహా ఇచ్చేవాళ్లలో తన జేబులోంచి పైసా తీసేవాడు నాకింతవరకూ తారసపడలేదు. అయినా దీన్ని నమ్మి ఇళ్ల స్థలాలు అమ్ముకుంటున్నారు, పుస్తెలతాళ్లు తాకట్టు పెడుతున్నారు. కొండకు మొక్కుకున్నట్టు ఒంటిమీదున్నదంతా ఒలిచి హుండీలో వేసి వస్తున్నారు. ఈ హుండీ మాత్రం దేవుడిది కాదు, కాలేజీ యాజమాన్యానిది.

మధ్యరకం ర్యాంకు వచ్చిన పిల్లలకు ఉన్న దారులన్నిటిలోకీ డొనేషన్ సీఎస్ఈ చెడ్డ బేరమని నా వాదన. సీఎస్ఈ చదవొద్దని కాదు. కన్వీనర్ కోటాలో, ఓ మాదిరి కాలేజీలో, పిల్లవాడికి ఇష్టమై దొరికితే నిక్షేపంగా చేర్పించండి. ఆ మూడక్షరాల కోసం అప్పు చేయడం, లేదా ఆ మూడక్షరాలుంటే చాలని ఎలాంటి కాలేజీలోనైనా పడేయడం, ఈ రెండే నాకు అభ్యంతరం.

ముందు ర్యాంకు సంగతి చూద్దాం. 2025లో తెలంగాణ ఎప్‌సెట్ ఇంజినీరింగ్ విభాగం రాసినవాళ్లు రెండు లక్షల పైచిలుకు. అర్హత సాధించినవాళ్లు దాదాపు లక్షన్నర. ముప్పై వేల ర్యాంకంటే, రాసిన ప్రతి వందమందిలో ఎనభై అయిదు మంది వీడి వెనకే ఉన్నట్టు. ఇంట్లో మాత్రం చావు కబురు విన్నట్టు కూర్చుంటారు. మూడు గంటల పరీక్ష, 160 ప్రశ్నలు, అందులో సగం లెక్కలే. మధ్య ర్యాంకుల దగ్గర ఒక్కో మార్కు మీద చాలామంది ఉంటారు గనక రెండు మూడు మార్కుల తేడాకే వేల ర్యాంకులు జారిపోతాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్ మార్కులకు ఇంకా 25 శాతం వెయిటేజీ ఉంది. తెలంగాణ దాన్ని ఎత్తేసింది. పై ర్యాంకుల్లో కొంతమంది ఐఐటీలకు, ఎన్ఐటీలకు, తమిళనాడు డీమ్డ్ వర్సిటీలకు వెళ్లిపోతారు. లోకల్ ఏరియా, రిజర్వేషన్, ఆడపిల్లలకు మూడో వంతు సీట్లు, ఇవన్నీ కలిశాకే ఆ ర్యాంకు విలువ ఎంతో తేలుతుంది. ఏ కాలేజీలో ఏ బ్రాంచి ఏ కేటగిరీకి ఎంత ర్యాంకు దగ్గర ఆగిందో గత ఏడాది జాబితా కౌన్సెలింగ్ సైటులో ఉచితంగా దొరుకుతుంది. ఆ జాబితా తెరవకముందే ఏప్రిల్‌లో, పరీక్ష కూడా కాకముందే, కాలేజీ పీఆర్వో ఫోను చేస్తే లక్ష రూపాయలు ఇచ్చి సీటు "బ్లాక్" చేసుకునే తల్లిదండ్రులు ఎందరో. ర్యాంకు మధ్యరకమని తేలడానికి ముందే ఓటమి ఒప్పుకోవడం ఇది.

ఇక డబ్బు. డొనేషన్ తీసుకోవడం నేరమని చెప్పే చట్టం మనకు 1983 నుంచీ ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభే చేసింది. క్యాపిటేషన్ ఫీజు చెల్లదని సుప్రీంకోర్టు 1993లో చెప్పిన ఉన్నికృష్ణన్ కేసులో ప్రతివాది కూడా ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. ప్రైవేటు కాలేజీలో 70 శాతం సీట్లు కన్వీనర్‌వి, 30 శాతం యాజమాన్యానివి. తెలంగాణలో ఎన్ఆర్ఐ సీట్లు పోను మిగతా యాజమాన్య (బి-కేటగిరీ) సీట్లకూ ఫీజుల కమిటీ ఖరారు చేసిన ఫీజే తీసుకోవాలని నిబంధన. ఇంత చట్టం, ఇంత తీర్పు, ఇన్ని నిబంధనలు ఉండగానే పేరున్న కాలేజీలో సీఎస్ఈ సీటుకు పది, పదిహేను లక్షలని జూన్ నెల వచ్చిందంటే పేపర్లు రాస్తూనే ఉంటాయి. ఇచ్చేవాడికీ తెలుసు, పుచ్చుకునేవాడికీ తెలుసు, అందుకే రశీదు ఉండదు. రశీదు లేనప్పుడు బ్యాంకు అప్పు పుట్టదు. కేంద్ర క్యాబినెట్ 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి రుణ పథకం మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవాళ్లకు వర్తించనే వర్తించదు. ఫీజు రీయింబర్స్‌మెంటూ రాదు. కాబట్టి డబ్బు ఊళ్లోనే పుట్టాలి.

పన్నెండు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. తెలిసినవాడు గనక మూడు అడగలేదు. నెలకు వడ్డీ ఇరవై నాలుగు వేలు. చదువు నాలుగేళ్లూ కట్టకుండా ఆపగలిగితే వడ్డీ ఒక్కటే పదకొండున్నర లక్షలు. పిల్లవాడు బ్యాక్‌లాగులు లేకుండా గట్టెక్కి, క్యాంపస్‌లో టీసీఎస్ నింజా ఆఫర్ కొట్టాడనుకుందాం. ఏడాదికి 3 లక్షల 36 వేలు. ఏళ్ల తరబడి అంగుళం కదలని అంకె అది. నెలకు ఇరవై ఎనిమిది వేలు, పీఎఫ్ అవీ పోను ఇంకా తక్కువ. అంటే వాడి జీతం అసలు దగ్గరికి పోనేపోదు, వడ్డీకే సరిపోతుంది. గచ్చిబౌలిలోనో మారతహళ్లిలోనో పీజీ హాస్టల్ అద్దె, మూడుపూటల తిండి ఎవరు పెట్టాలి? మళ్లీ నాన్నే. "వాడే తీర్చుకుంటాడు" అన్న మాటకు ఈ లెక్క కట్టి చూసినవాడెవడూ లేడు. సొంత పొలం అమ్మితే వడ్డీ ఉండదు కదా అనేవాళ్లున్నారు. ఉండదు, పొలమూ ఉండదు.

ఇరవై, నలభై లక్షల ప్యాకేజీలు రావడం లేదా అంటే వస్తున్నాయి. కాలేజీ ఫ్లెక్సీ మీద ఫొటోలూ ఉంటాయి. ఆ ఫొటోలో ఉన్నవాడు ఏ కోటాలో చేరాడో, ఆ సెక్షన్లో మిగతా అరవై మంది ఏమయ్యారో ఫ్లెక్సీ చెప్పదు. పెద్ద జీతాలిచ్చే కంపెనీ వచ్చినా కోడింగ్ పరీక్ష పెడుతుంది, ఇంటర్వ్యూ చేస్తుంది. డొనేషన్ ఆ పరీక్ష హాలు దాకా తీసుకెళ్తుంది, అంతవరకే. లోపల రాయాల్సింది అబ్బాయే.

సాఫ్ట్‌వేర్‌లోకి పోవాలంటే సీఎస్ఈ చదివి తీరాలన్నది రెండో నమ్మకం. లోకంలో ఎవరైనా ఈ మాట అనొచ్చు గానీ తెలుగువాళ్లు అనడం విడ్డూరం. అమీర్‌పేట ఎవరిది? మైత్రీవనం చుట్టూ సందుల్లో, ఆదిత్య ఎన్‌క్లేవ్ మెట్ల మీద పాతికేళ్లుగా తొక్కిసలాడింది ఎవరు? సివిల్ చదివినవాళ్లు, మెకానికల్ చదివినవాళ్లు, నాగార్జున యూనివర్సిటీలో బీఎస్సీ చేసినవాళ్లు, ఎంసీఏలు. అక్కడ జావా, ఒరాకిల్, టెస్టింగ్ నేర్చుకుని బెంగళూరు రైలెక్కి, అక్కణ్నించి న్యూజెర్సీ దాకా పోయారు. డల్లాస్ నుంచి సలహా ఇస్తున్న బాబాయి కూడా చాలాసార్లు ట్రిపుల్ఈనో మెకానికలో చదివినవాడే. టీసీఎస్, ఇన్ఫోసిస్ లాంటి కంపెనీలు ఇవాళ్టికీ ఫ్రెషర్ల పరీక్షకు ఏ బ్రాంచి ఇంజినీరునైనా రానిస్తాయి. మార్కుల శాతం, బ్యాక్‌లాగులు చూస్తాయి, అంతే. ఇంకా విచిత్రం చెప్పనా? అమీర్‌పేట, కేపీహెచ్‌బీ కోచింగ్ సెంటర్లలో ఇప్పుడు ఫుల్‌స్టాక్ కోర్సుకు మళ్లీ డబ్బు కట్టి కూర్చుంటున్నవాళ్లలో సీఎస్ఈ పట్టా ఉన్నవాళ్లే బోలెడంతమంది. నాలుగేళ్లు కాలేజీలో నేర్చుకోవాల్సిన విద్యను నాలుగు నెలల్లో బయట కొనుక్కుంటున్నారు. మరి ఆ పన్నెండు లక్షలు దేనికి కట్టినట్టు?

దీనికి గట్టి జవాబు ఒకటి ఉంది, దాన్ని దాటెయ్యను. కొన్ని ప్రొడక్ట్ కంపెనీలు క్యాంపస్‌కు వచ్చినప్పుడు సీఎస్ఈ, ఐటీ, మహా అయితే ఈసీఈ వాళ్లను మాత్రమే పిలుస్తాయి. మెకానికల్ వాడు ఎంత బాగా కోడ్ రాసినా గేటు బయటే ఉండిపోతాడు. ఇది నిజం, అన్యాయం కూడా. అయితే ఆ కంపెనీలు అడుగుపెట్టే కాలేజీలు రెండు రాష్ట్రాల్లో కొద్దే. డొనేషన్ కట్టే ఇళ్లలో ఎక్కువ భాగం వాటిలో కట్టడం లేదు. పై మెట్టు కాలేజీలో పదిహేను లక్షలు విని కళ్లు తిరిగి, ఊరి చివర రెండో మెట్టు, మూడో మెట్టు కాలేజీలో "తక్కువలో అయిపోయింది" అని సంబరపడుతున్నారు. ఆ గేటులోకి ప్రొడక్ట్ కంపెనీ రాదు, కాలేజీ బస్సులు మాత్రం వస్తాయి.

ఆ మూడో మెట్టు కాలేజీలో సీఎస్ఈ అంటే ఏమిటో ఒకసారి లోపలికి వెళ్లి చూడాలి. తెలంగాణలో ఇప్పుడు ఇంజినీరింగ్ సీట్లలో మూడింట రెండు వంతుల దాకా సీఎస్ఈ, దాని తోక బ్రాంచీలే. ఏఐ అండ్ ఎంఎల్ అని ఒకటి, డేటా సైన్స్ అని ఒకటి, సైబర్ సెక్యూరిటీ అని ఇంకొకటి. మొదటి ఏడాది అందరికీ అవే పాఠాలు, తర్వాత కూడా చాలా సబ్జెక్టులు అవే, చెప్పేవాళ్లూ వాళ్లే. బాగా నడిచే కాలేజీలకు సీట్ల మీద గరిష్ఠ పరిమితిని ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తేసింది. దాంతో సివిల్, మెకానికల్ సెక్షన్లు మూసి ఆ సీట్లను సీఎస్ఈకి మార్చుకోవడానికి యాజమాన్యాలు ఎగబడ్డాయి. మార్చడం తేలిక. మెకానికల్‌కు లేత్ మెషిన్లు కావాలి, వర్క్‌షాపు కావాలి, షెడ్డు కావాలి. సీఎస్ఈకి గదీ, కంప్యూటర్లూ చాలు. ఇరవై మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలన్న నిబంధన మాత్రం అక్కడే ఉంది. అరవై సీట్ల సెక్షన్లు పది పెట్టిన కాలేజీకి ఏడాదికి ఆరువందల మంది, నాలుగేళ్లకు ఇరవై నాలుగు వందల మంది. అంటే ఒక్క సీఎస్ఈకే నూట ఇరవై మంది అధ్యాపకులు కావాలి. కంప్యూటర్ సైన్స్ బాగా వచ్చినవాడు కంపెనీలో చేరతాడు గానీ, జీతాలు నెలల తరబడి నిలిచిపోయే కాలేజీలో పాఠం చెప్పడానికి ఎందుకొస్తాడు? అందుకే నిరుడు బీటెక్ పూర్తిచేసి ఎంటెక్‌లో చేరినవాడే ల్యాబు చెబుతుంటాడు. న్యాక్ గ్రేడు చూసి చేర్చామంటారు. 2025 ఫిబ్రవరిలో గ్రేడు కోసం లంచాల కేసులో న్యాక్ తనిఖీ బృందం సభ్యులనే సీబీఐ అరెస్టు చేసింది. గ్రేడు కన్నా ఎన్‌బీఏ గుర్తింపు కొంత నయం, అది కాలేజీ మొత్తానికి కాకుండా ఒక్కో కోర్సుకు విడిగా ఇస్తారు. మీరు చేరుతున్న ఆ తోక బ్రాంచికి ఉందా అని పీఆర్వోని అడిగితే మాట మార్చేస్తాడు.

అయితే సివిల్, మెకానికల్ లాంటి కోర్ బ్రాంచి చదివితే ఏమొస్తుంది, సైటులో ఎండలో నిలబడి పదిహేను, ఇరవై వేలా అంటారు. నిజమే, ప్రైవేటు నిర్మాణ కంపెనీల్లో, చిన్న ఫ్యాక్టరీల్లో మొదటి జీతాలు సిగ్గుపడేంత తక్కువ. దీన్ని దాచి "కోర్‌కే భవిష్యత్తు" అని ఉపన్యాసాలిచ్చే ప్రొఫెసర్లంటే నాకు చిరాకు. కానీ పోలిక సరిగ్గా పెట్టాలి. ఒకవైపు అప్పుతో కొన్న సీఎస్ఈ. రెండోవైపు అప్పులేని ట్రిపుల్ఈనో, సివిలో, మెటలర్జీయో, దాంతోపాటు ఇంట్లోనే మిగిలిన పన్నెండు లక్షలు, సాఫ్ట్‌వేర్ వైపు మూసుకోని తలుపు. ఇంకో సంగతి. సీఎస్ఈ కోసం అప్పు చేసే ఇళ్లలోనే "ఆఖరికి గవర్నమెంటు ఉద్యోగమైతే హాయి" అనే కోరికా ఉంటుంది. యూపీఎస్సీ నిర్వహించే ఇంజినీరింగ్ సర్వీసెస్ పరీక్ష సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ అనే నాలుగు విభాగాల్లోనే ఉంటుంది, కంప్యూటర్ సైన్స్‌కు చోటే లేదు. రాష్ట్రాల్లో ఏఈఈ పోస్టులూ ప్రధానంగా సివిల్, ఎలక్ట్రికల్, మెకానికల్ వాళ్లవే. గేట్ స్కోరుతో తీసుకునే ఎన్టీపీసీ, పవర్‌గ్రిడ్ లాంటి సంస్థల్లోనూ పెద్ద వాటా వీళ్లదే. పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ, ఒప్పుకుంటాను. ఐటీ కంపెనీల ముందు క్యూ చిన్నదా?

ఈ ర్యాంకుకు ఉన్న దారులను చూడనైనా చూడకుండా కొట్టిపారేయడం నన్ను ఎక్కువ బాధిస్తుంది. 1946లో పుట్టిన కాకినాడ, అనంతపురం కాలేజీలు, ఉస్మానియా, ఆంధ్రా, వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల ఇంజినీరింగ్ కాలేజీలు. వీటిలో సీఎస్ఈ అందదు గానీ కొన్ని ఇతర బ్రాంచీలు సీఎస్ఈకి చాలా వెనక ఆగుతాయి, కేటగిరీని బట్టి ఇంకా వెనక. జేఎన్టీయూలకు మంథని, జగిత్యాల దగ్గర నాచుపల్లి, సుల్తాన్‌పూర్, కలికిరి, నరసరావుపేటల్లో సొంత కాలేజీలున్నాయి. ఊరు చిన్నదని మనవాళ్లు ఆప్షన్లలో కూడా పెట్టరు, పట్టా మీద మాత్రం యూనివర్సిటీ కాలేజీ పేరే ఉంటుంది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో నేవల్ ఆర్కిటెక్చర్ ఉంది, ఊళ్లోనే హిందుస్థాన్ షిప్‌యార్డు ఉంది. కొత్తగూడెంలో మైనింగ్ ఉంది, చుట్టూ సింగరేణి ఉంది. బాపట్లలో, సంగారెడ్డి దగ్గర కందిలో వ్యవసాయ ఇంజినీరింగ్, కామారెడ్డిలో డెయిరీ టెక్నాలజీ ఉన్నాయి. ఎంపీసీ పిల్లలకు ఇవి కూడా తెరిచిన తలుపులేనని ఎంతమంది ఇంటర్ లెక్చరర్లు చెప్పారు? అందరికీ ఇవి పనికొస్తాయని కాదు. యూనివర్సిటీ కాలేజీల్లో ఖాళీ పోస్టులు, కాంట్రాక్టు అధ్యాపకులు, కారే హాస్టళ్లు ఉన్నాయి, అక్కడ చదివిన ఎవరినడిగినా చెబుతారు. అయినా పక్క బెంచీలో కూర్చునేవాడు తనలాగే ర్యాంకుతో వచ్చినవాడు, ల్యాబులో యంత్రం నిజమైన యంత్రం, నెలకు కట్టాల్సిన వడ్డీ సున్నా.

కోడింగ్ కావాలంటే దానికీ కొదవలేదు. కోర్ బ్రాంచి వాడు మరో పద్దెనిమిది, ఇరవై క్రెడిట్లు చదివి కంప్యూటర్ సైన్స్‌లో మైనర్ తీసుకునే వీలును ఏఐసీటీఈ కల్పించింది. ఐఐటీ మద్రాసు 2020లో మొదలుపెట్టిన డేటా సైన్స్ ఆన్‌లైన్ డిగ్రీకి జేఈఈ ర్యాంకు అక్కర్లేదు. నాలుగు వారాల పాఠాలు విని క్వాలిఫయర్ పరీక్ష గట్టెక్కితే చాలు, ఇంటి ఆదాయాన్ని బట్టి ఫీజు రాయితీ కూడా ఉంది. రెండు డిగ్రీలు ఒకేసారి చదవొచ్చని యూజీసీ 2022లోనే చెప్పింది. తాడేపల్లిగూడెంలోనో మంథనిలోనో ట్రిపుల్ఈ చదువుతూ ఐఐటీ డిగ్రీ కూడా పూర్తిచేసే అమ్మాయిని ఊహించుకోండి. మూడో మెట్టు కాలేజీలో డొనేషన్ సీఎస్ఈ చదివిన అబ్బాయిని పక్కన పెట్టండి. ఉద్యోగం ఇచ్చేవాడు ఎవరిని పిలుస్తాడు?

నాలుగేళ్ల తర్వాత మార్కెట్ ఎలా ఉంటుందో చెప్పగల మొనగాడు లేడు. వైటూకే సందడిలో చేరినవాళ్లు 2002లో పట్టా పట్టుకుని బయటికొచ్చేసరికి డాట్‌కామ్ బుడగ పేలి ఉంది. 2023-24లో టీసీఎస్ ఉద్యోగుల సంఖ్య పదమూడు వేలకు పైగా తగ్గింది. 2025 జులైలో అదే సంస్థ మరో పన్నెండు వేల మందిని తగ్గిస్తానంది. ఎంఎస్‌కు పంపుదాం లెమ్మనుకున్నవాళ్ల నెత్తిన అదే ఏడాది సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము పిడుగు పడింది. రేపు ఇదంతా తిరగబడి మళ్లీ బ్రహ్మాండంగా ఉండొచ్చు కూడా. నాకు తెలియదు, పీఆర్వోకి అంతకన్నా తెలియదు. తెలియని దాని మీద పిల్లవాడి నాలుగేళ్లు పెట్టక తప్పదు. దాంతోపాటు ఇల్లూ పొలమూ పెట్టమన్నది ఎవరు?

ఆ ఇంట్లో మరో బిడ్డ ఉంటుంది, తరచుగా ఆడపిల్ల. అన్న డొనేషన్‌కు పొలం పోయింది గనక ఈమెకు ఇరవై వేల ర్యాంకు వచ్చినా దూరం పంపరు. హాస్టల్ ఖర్చు ఎందుకని బస్సు వచ్చే కాలేజీలో వేస్తారు, లేదా పక్క ఊళ్లో డిగ్రీ. తెలంగాణలో బీసీ, ఈబీసీ పిల్లలకు పదివేలు దాటిన ర్యాంకుకు రీయింబర్స్‌మెంట్ 35 వేలే వస్తుంది, మిగతాది ఎవరు కడతారని ఆమె విషయంలో మాత్రం లెక్కలు గట్టిగా వేస్తారు. ఆ లెక్క అన్న సీటు దగ్గరే వేసి ఉంటే ఇద్దరి చదువుకూ డబ్బు మిగిలేది. కొడుకు బ్రాంచి పరువు కోసం కూతురి కాలేజీని కోసేయడం ఈ మొత్తం వ్యవహారంలో ఎవరూ నోరెత్తని భాగం, నా దృష్టిలో అన్నిటికన్నా నీచమైన భాగం.

ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చేశాం, ఇప్పుడెలా అంటారా? గడువులోగా సీటు వదులుకుంటే వెయ్యి రూపాయలకు మించి కోయకుండా ఫీజు వాపసు ఇవ్వాలని, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపి ఉంచకూడదని ఏఐసీటీఈ నిబంధన. రశీదు ఉన్న డబ్బును రాతపూర్వకంగా అడగండి, ఇవ్వకపోతే ఉన్నత విద్యామండలికి ఫిర్యాదు చేయండి. ఈలోగా వెబ్ ఆప్షన్లు పెట్టుకోండి. ఎన్ని పెట్టినా ఎవరూ కాదనరు, మంథనీ కలికిరీ కూడా పెట్టండి, మొదటి విడతలో ఏమొచ్చిందో చూడండి. రశీదు లేని లక్ష మాత్రం తిరిగిరాదు. అది పోయిందనుకుని వదిలేస్తే ఇంకా కట్టని పదకొండు లక్షలు మీ దగ్గరే ఉంటాయి.